కోల్న్ కాన్సర్ట్ మళ్లీ పెట్టే ముందు

ఒరేయ్ చిన్నా,

మొన్న ఫోన్‌లో "పెదనాన్నా, కీత్ జారెట్ కోల్న్ కాన్సర్ట్ పెట్టా, పావుగంట విని ఆపేశా, వాయించిందే వాయిస్తున్నాడు" అన్నావు చూడు, అప్పుడు ఏమీ అనలేదు గానీ అదే మనసులో తిరుగుతోంది. నీ చెవి కరెక్టే, నిజంగానే వాయించిందే వాయించాడు. ఎందుకో తెలిస్తే ఆపవు.

1975 జనవరి 24, జర్మనీలో కోల్న్ ఒపేరా హౌస్. జారెట్ అమెరికన్ జాజ్ పియానిస్ట్, ఆ రాత్రి ఒక్కడే కూర్చుని అప్పటికప్పుడు తోచింది వాయించిన కచేరీ ఇది. కచేరీ పెట్టించిన వేరా బ్రాండెస్‌కి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఈయన అడిగింది బోజెన్‌డోర్ఫర్ ఇంపీరియల్ అనే పెద్ద పియానో, స్టేజీ మీద ఉన్నది రిహార్సల్స్‌కి వాడే చిన్నది, పై స్థాయి రేకు డబ్బాలా మోగుతుంది, కింద మంద్రంలో బలం లేదు, పెడల్స్ సరిగా లేవు. పైగా ఈయనకి నడుం నొప్పి, నిద్ర లేదు. వాయించనన్నాడు, ఆ పిల్ల బతిమాలితే ఒప్పుకున్నాడు. రాత్రి పదకొండున్నరకి మొదలు, 1400 మంది జనం. మరి ఆ పియానోతో ఏం చేస్తాడు, పైకి పోకుండా మధ్యలోనే ఎక్కువ తిరిగాడు, కింద బలం లేదు కాబట్టి ఎడం చేత్తో ఒకే వరస మళ్లీ మళ్లీ కొడుతూ ఆ బలం తెచ్చాడు. నీకు బోరు కొట్టింది అదేరా!

ఈసారి బైక్ మీద ఇయర్‌ఫోన్స్‌లో వద్దు, రాత్రి అందరూ పడుకున్నాక పెట్టుకో. మొత్తం 66 నిమిషాలు, ఒక్కరోజే అక్కర్లేదు, ముందు పార్ట్ వన్ ఒక్కటే, 26 నిమిషాలు. మొదలవగానే జనం చిన్నగా నవ్వడం వినిపిస్తుందేమో చూడు, కచేరీకి రమ్మని ఆ హాల్లో మోగే గంట ట్యూన్‌తోనే ఎత్తుకున్నాడు మరి. ఆ తర్వాత కుడి చేతిని వదిలేసి ఎడం చేతినే పట్టుకో. A మైనర్, G మేజర్, ఈ రెండు కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాల గుత్తులు) మీదే దాదాపు పన్నెండు నిమిషాలు. ఆలాపన వింటూ సాహిత్యం ఎప్పుడొస్తుందని అడగం కదా, ఇదీ అంతే అనుకో. మధ్యలో మూలుగులు వస్తే రికార్డింగ్ పాడైందనుకోకు, అవి ఆయనవే.

ఇంకా అర్థం కాకపోతే నీ కీబోర్డ్ తియ్యి. ఎడం చేత్తో ఆ రెండు కార్డ్సే పట్టుకుని కుడి చేత్తో నీకు తోచింది పన్నెండు నిమిషాలు వాయించు, నాలుగో నిమిషానికి సరుకైపోతుంది. నాకు రెండు నిమిషాలకే అయిపోయింది, ఎవరికీ చెప్పకు.

ఈ కచేరీ నొటేషన్ పుస్తకం కొంటానన్నావు, ఇప్పుడే వద్దు. 1991లో గానీ అది అచ్చు కాలేదు, దానికీ రికార్డింగే ఫైనల్ అన్న షరతు మీదే ఆయన ఒప్పుకున్నాడు.

ఇది ఎక్కాక ఆయనదే సన్ బేర్ కాన్సర్ట్స్ అనే ఆల్బమ్ ఉంది, 1976 జపాన్ టూర్, ఐదు ఊళ్లు, పది ఎల్పీ రికార్డులు. అది వరసపెట్టి వినే ముందు మీ ఆవిడ పర్మిషన్ తీసుకో, ఇక్కడ మీ పెద్దమ్మ మూడో రోజుకే ప్లగ్ పీకేసింది.

మీ పెదనాన్న