సొంతంగా జపనీస్ నేర్చుకునేటప్పుడు మధ్యలో ఆగిపోకుండా ఎలా ఉండాలి?

ఏడాదిలో నాలుగుసార్లు మొదలుపెట్టా, ప్రతిసారీ జపనీస్ అక్షరమాలల్లో మొదట నేర్చుకునే హిరగానా అయిపోయి, రెండోదైన కటకానా దగ్గరకొచ్చేసరికి ఆగిపోతున్నా, కోచింగ్‌కి వెళ్ళే వీల్లేదు, చదివావా లేదా అని అడిగేవాళ్ళు కూడా ఎవరూ లేరు అని రాశారు మీరు. ఆ చివరి మాట చదివాకే ఇది రాయాలనిపించింది. నా విషయంలో తేడా అంతా అక్కడే వచ్చింది.

నాది విజయవాడ, ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో అకౌంట్స్ చూస్తా. జపాన్ నుంచి వచ్చే డబ్బాల మీద అక్షరాలు రోజూ కళ్ళముందే ఉండేవి, అవేంటో తెలుసుకోవాలని 2020లో లాక్‌డౌన్ టైంలో మొదలుపెట్టా. ఒకరోజు ఒక డబ్బా మీద "ఫిరుతా" అని కూడబలుక్కుని చదివి, ఓహో ఫిల్టర్‌ని ఇలా రాస్తారా అని అర్థమైనప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది నాకు. అయినా షాపు తెరిచాక మూడు వారాలకే వదిలేశా. తర్వాత ఏడాది ఒక యాప్‌లో మళ్ళీ మొదలుపెట్టా, రెండొందల రోజులు గ్యాప్ లేకుండా చేశా, కానీ మామూలు నాలుగు లైన్ల పేరా ఇస్తే చదవలేకపోయా, ఎందుకంటే ఆ యాప్ లెక్కపెట్టింది నేను రోజూ తెరిచానా లేదా అన్నదే, నాకు ఏం వచ్చింది అన్నది కాదు, రాత్రి పదకొండున్నరకి నిద్రకళ్ళతో రెండు నిమిషాలు చేసినా దానికి అది రోజుకిందే లెక్క. అది తెలిసిన రోజు చాలా బాధేసింది, రెండోసారి కూడా ఆపేశా.

2021 నవంబర్‌లో మూడోసారి మొదలుపెట్టినప్పుడు మా కింద పోర్షన్‌లో ఉండే రిటైర్డ్ హిందీ టీచరుగారిని ఒక సాయం అడిగా. ఆవిడకి జపనీస్ ఒక్క ముక్క రాదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి నోట్‌బుక్ తీసుకొస్తానండీ, ఆ రోజు రాసిన పేజీ చూసి కింద తేదీ వేసి సంతకం పెట్టండి చాలు అన్నా. "నాకేం అర్థమవుతుందమ్మా" అన్నారు గానీ ఒప్పుకున్నారు.

ఆవిడకి అర్థం కాకపోవడమే నాకు ఎక్కువ ఉపయోగపడింది. ప్రతి పేజీలో ఏదో ఒకదాని మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అని అడిగేవారు, నేను తెలుగులో చెప్పాలి, చెప్పలేకపోతే నాకు అది రానట్టే లెక్క. రెండో వారంలో అనుకుంటా, అక్షరాల పట్టిక చూసి, ఇది మన వర్ణమాల వరసలాగే ఉందే అన్నారు. చూస్తే నిజమే, క తర్వాత చ ఉండాల్సిన చోట స, తర్వాత త, న, ప ఉండాల్సిన చోట హ, ఆ తర్వాత మ, య, ర, వ. తర్వాత వెతికితే తెలిసింది, బౌద్ధ సన్యాసులు అక్కడ మంత్రాల కోసం సంస్కృతాన్ని సిద్ధం అనే పాత భారతీయ లిపిలో చదువుకునేవాళ్ళు, ఆ వరసే జపాన్ పట్టికకీ వచ్చింది, ఆ హ కూడా పాతకాలంలో ప అనే పలికేవాళ్ళు. ఆ రోజు నుంచి నాకు పట్టిక బట్టీ పట్టాల్సిన పని లేకుండా పోయింది.

కాబట్టి నేను చెప్పేదేంటంటే మీకు జపనీస్ వచ్చినవాళ్ళు దొరకక్కర్లేదు. రోజూ ఒకే టైంకి ఇంట్లో ఉండేవాళ్ళు, మొహమాటం లేకుండా అడిగేవాళ్ళు, మీరు వెళ్ళకపోతే ఏమైంది అని పైకొచ్చి తలుపు కొట్టేవాళ్ళు ఒక్కరుంటే చాలు. నా విషయంలో స్నేహితులు పనికిరాలేదు, వాళ్ళు జాలిపడి పర్లేదులే అనేస్తారు. టీచరుగారు ముప్ఫై ఏళ్ళు పిల్లల నోట్‌బుక్‌లు దిద్దిన మనిషి, పర్లేదు అన్న మాట ఆవిడ నోట రాదు.

రోజుకి ఎంత చదవాలి అన్నదాని గురించి. మీరు బాగున్న రోజు చూసుకుని ప్లాన్ వేసుకుంటున్నారేమో ఒకసారి చూసుకోండి, నేను అదే తప్పు చేశా. అకౌంట్స్ వాళ్ళకి నెలలో 11వ తేదీ, 20వ తేదీ జీఎస్టీ రిటర్నులు, ఆ నాలుగైదు రోజులు ఇంటికొచ్చేసరికి తొమ్మిదవుతుంది. మాటల్ని కార్డుల్లా మళ్ళీ మళ్ళీ చూపించే అంకీ అనే యాప్‌లో రోజుకి 20 కొత్త కార్డులు పెట్టుకున్నా, అది మామూలుగా వచ్చే సెట్టింగే, కానీ ఈ రోజు చూసిన 20 కార్డులూ రేపు, నాలుగు రోజులకి, పది రోజులకి ఇలా తిరిగొస్తూనే ఉంటాయి, నెల తిరిగేసరికి రివ్యూలే రోజుకి నూట యాభై దాటాయి. అలాంటప్పుడు తొమ్మిది రోజులు ముట్టుకోలేదు, తెరిస్తే 640 కార్డులు కూర్చున్నాయి. చాలామంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే అని నా నమ్మకం, భాష కష్టమై కాదు, పేరుకుపోయిన కుప్ప చూసి. నేను కొత్త కార్డులు సున్నా చేసి, రివ్యూలు రోజుకి 60కి మించకుండా సెట్ చేసి, రెండు వారాలకి పైగా అదే పని చేశా. తర్వాత కొత్తవి 6కి తగ్గించా, ఇప్పటికీ అంతే. ఆరే కదా అనిపిస్తుంది గానీ ఏడాదికి పద్దెనిమిది వందలు దాటతాయి, జపనీస్ పరీక్ష జేఎల్‌పీటీలో అన్నిటికంటే సులువైన స్థాయి ఎన్5కి సుమారు ఎనిమిది వందల మాటలు కావాలంటారు కాబట్టి సరిపోతుంది. రిటర్నుల రోజుల్లో మాత్రం కొత్తవి ఉండవు, పాతవి ఆటోలో వస్తూ చూసుకోవడం, నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాసి సంతకానికి వెళ్ళడం. ఆ ఒక్క వాక్యం ముందే ఒప్పుకున్నది కాబట్టి తప్పు చేసినట్టు అనిపించదు, రేపు మళ్ళీ కూర్చోబుద్ధవుతుంది.

ఇంకోటి, ఇది తెలుగువాళ్ళం ఎందుకు వాడుకోమో నాకు అర్థం కాదు. గ్రామర్ ఇంగ్లీషులోంచి నేర్చుకోకండి దయచేసి. నేను ఆరు నెలలు అలా కొట్టుకున్నా. జపనీస్‌లో క్రియ చివరకొస్తుంది మనలాగే, కి, లో, తో లాంటివి మాట తర్వాత వస్తాయి మనలాగే. "ఇత్తె కిమాసు" అంటే పదానికి పదం వెళ్ళొస్తాను, వాళ్ళు కూడా ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఇదే అంటారు! "తబెతె మిరు" అంటే తిని చూడటం, మనం తిని చూడు అన్నట్టే, అక్కడ కూడా ఆ చూడు నిజంగా చూడటమే. "కత్తె ఒకు" కొని పెట్టడం, ఆ ఒకు అంటే పెట్టడం. "కురు తొ ఇత్త" అంటే వస్తానని అన్నాడు, ఆ తొ మన "అని". ఇంగ్లీషు పుస్తకాలు ఒక్కోదానికి రెండేసి పేజీలు వివరణ ఇస్తాయి, టీచరుగారికి తెలుగులో చెప్పాలి కాబట్టి నాకు ఒక్కో లైన్‌లో తేలిపోయింది. దీర్ఘాలూ ఒత్తులూ కూడా అంతే, "ఒబసాన్" అంటే ఆంటీ, "ఒబాసాన్" అంటే అవ్వ, "కితె" అంటే రా, "కిత్తె" అంటే పోస్టల్ స్టాంపు, ఇవి మన చెవికి వెంటనే తెలుస్తాయి. ఇలా మన భాషలా అనిపించడం మొదలయ్యాక రోజూ కూర్చోవడానికి నన్ను నేను తోసుకోవాల్సిన అవసరం చాలా తగ్గింది.

పరీక్ష పెట్టుకోండి, ఉద్యోగం అవసరం లేకపోయినా సరే. జేఎల్‌పీటీ జూలై, డిసెంబర్ నెలల్లో మొదటి ఆదివారం ఉంటుంది, ఫీజు కట్టేశాక తేదీ మన చేతుల్లో ఉండదు. నేను చెన్నై సెంటర్ పెట్టుకుని, డబ్బులు కట్టిన కొన్నాళ్ళకే రాత్రి బండికి నాకూ తమ్ముడికీ టికెట్లు కూడా తీసేశా. 2022 డిసెంబర్ 4న ఎన్5 రాశా, జనవరిలో రిజల్ట్ వచ్చింది, 180కి 103, పాస్ మార్కు 80. సంతోషంగా ప్రింట్ తీసుకుని కిందకి వెళ్ళి చూపించా. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని విడివిడిగా ఉన్న మార్కులు చూసి, "ఇక్కడ 60కి 21 ఏంటమ్మా?" అన్నారు. అది లిజనింగ్. అందులో 19 కంటే తక్కువొస్తే మిగతాది ఎంత బాగా రాసినా ఫెయిలే. రెండు మార్కులతో బయటపడ్డానన్నమాట. అప్పుడు పాత నోట్‌బుక్‌లు తెప్పించుకుని తిరగేసి, రోజూ మాటలే రాశావు, వాక్యాలే రాశావు, విన్నట్టు ఒక్క పేజీలో కూడా లేదు కదా అన్నారు.

నిజం. వినడం కష్టంగా ఉండేది, ఆ పరీక్షలో ఆడియో ఒక్కసారే వేస్తారు, అందుకని రేపు రేపు అని దాటేస్తూ, దాని బదులు వచ్చిన మాటలే మళ్ళీ రాసుకుంటూ రోజూ చదివాను అనుకున్నా. సొంతంగా చదివేవాళ్ళకి ఇదే పెద్ద ప్రమాదం, రోజూ కూర్చుంటాం, కష్టమైనదాన్ని మాత్రం తప్పించుకుంటాం, అది ఎవరికీ కనిపించదు. అప్పటినుంచి శనివారం సంతకం పెట్టేముందు టీచరుగారు ఒకే ప్రశ్న అడుగుతారు, ఈ వారం ఏది వాయిదా వేశావు అని. దానికి జవాబు అదే పేజీలో రాయాలి, వచ్చే వారం దాంతోనే మొదలుపెట్టాలి. మీరు ఈ పోస్టులో ఒక్కటే తీసుకుంటానంటే ఈ ప్రశ్న తీసుకోండి.

లిజనింగ్ కోసమే ఖమ్మంలో ఒక నర్సు అమ్మాయితో జత కలిశా, తను జపాన్‌లో కేర్‌గివర్‌గా వెళ్ళాలని చదువుతోంది. అలా పనికి వెళ్ళడానికి ఉన్న స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి, ఎన్5 పై స్థాయి ఎన్4 గానీ జేఎఫ్‌టీ బేసిక్ అనే ఇంకో జపనీస్ పరీక్ష గానీ ఉండాలి, దాంతోపాటు కేర్ పనికి వేరే పరీక్షలూ ఉన్నాయి, కాబట్టి తన తొందర నాకంటే చాలా ఎక్కువ. ఆదివారం సాయంత్రం ఏడింటికి కాల్, ఒకరు ఒక పేరా చదవాలి, ఇంకొకరు పుస్తకం చూడకుండా విని తెలుగులో చెప్పాలి. మొదట్లో ఎగ్గొడితే రెండొందలు ఫైన్ అని పెట్టుకున్నాం, అది అస్సలు పనిచేయలేదు, డబ్బులు పంపేస్తే లెక్క తీరిపోయినట్టుండి ఇంకా సులువుగా ఎగ్గొట్టాం ఇద్దరం. తర్వాత మార్చాం, ఎగ్గొట్టినవాళ్ళు వచ్చే ఆదివారం రెండు పేరాలు సిద్ధమై రావాలి. తను ఒకసారి నైట్ డ్యూటీ దిగి వచ్చి "అక్కా, పడుకుంటే లేవను, ఇప్పుడే చేసేద్దాం" అని మధ్యాహ్నమే కాల్ చేసింది. అలాంటి మనిషి అవతల ఉంటే మనం ఎగ్గొట్టలేం.

ఇక ఆగిపోవడం గురించి, ఎందుకంటే ఎంత చేసినా ఏదో ఒకరోజు ఆగుతుంది. 2023 ఏప్రిల్ చివర్లో మా అమ్మకి ఆపరేషన్ అయ్యింది, ఏడు వారాలు పుస్తకం తియ్యలేదు. మళ్ళీ కూర్చున్నప్పుడు మొదట వచ్చిన ఆలోచన, అంతా మర్చిపోయా, హిరగానా నుంచి మొదలుపెడదాం అని. మీరు నాలుగుసార్లూ చేసింది అదే అనుకుంటున్నా. అలా చేయకండి. మొదటి పాఠాలు సులువుగా ఉంటాయి కాబట్టి హాయిగా ఉంటుంది, కష్టమైన చోటికి వచ్చేసరికి ఆ ఉత్సాహం అయిపోయి మళ్ళీ అక్కడే ఆగుతాం. నేను నోట్‌బుక్ వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళి, ఏ పేజీ అయితే చూడగానే పూర్తిగా అర్థమైందో అక్కణ్ణుంచి మొదలుపెట్టా, అది ఆగిన చోటుకి పదిహేను పేజీల వెనకే ఉంది. ఆ ఏడాది డిసెంబర్ 3న ఎన్4 రాసి 112తో పాసయ్యా, లిజనింగ్‌లో 38. ఇప్పుడు ఎన్3కి చదువుతున్నా.

ఆ ఏడు వారాల తర్వాత మొదటిరోజు నోట్‌బుక్ తీసుకెళ్ళినప్పుడు నాకు చాలా సిగ్గేసింది. టీచరుగారు ఏమీ అడగలేదు, చివరి సంతకం కింద ఒక గీత గీసి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో వేసి, "అమ్మ దగ్గర ఉంది" అని హిందీలో రాసి సంతకం పెట్టారు. ఆ పేజీ ఇప్పటికీ దాచుకున్నా.

మీరు కటకానాలో ఏ వరస దగ్గర ఆగారో ఇక్కడే రాయండి. "షి", "త్సు", "సొ", "న్" ఈ నాలుగూ కలిసిపోతున్నాయా? అయితే చూడటం ఆపి రాయండి, షి, న్‌లలో పెద్ద గీత కింద నుంచి పైకి వెళ్తుంది, త్సు, సొలలో పై నుంచి కిందకి దిగుతుంది, చేత్తో వంద సార్లు రాస్తే చేతికే తెలిసిపోతుంది. ఆ పేజీ ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరికి చూపిస్తున్నారో కూడా రాయండి, రేపు వచ్చి అడుగుతా.