మీరడిగారు: ఇజ్రాయెల్ గీత ఎక్కడుంది?

మా చర్చి వాళ్లు జెరూసలేం యాత్ర పెడుతున్నరు, బెత్లెహేముకు కూడా తీసుకపోతరట. బైబిల్లో చదివే ఇశ్రాయేలు, టీవీలో చూసే ఇజ్రాయెల్ ఒకటేనా? ఒక్కో మ్యాప్‌లో సరిహద్దు ఒక్కో తీరుగ ఎందుకుంటది?
– ఒక టీచరమ్మ, దేవరకొండ

నేల అదే మేడమ్, దేశం మాత్రం కొత్తది. దావీదు కాలపు రాజ్యం రెండుగా చీలింది, ఉత్తరపు ముక్క క్రీ.పూ. 722లో అస్సీరియా చేతిలో, దక్షిణపు ముక్క 586లో బబులోను చేతిలో పోయాయి. ఇప్పటి దేశాన్ని 1948 మే 14న యూదు నాయకుడు బెన్ గురియన్ ప్రకటించారు. ఎంత పెద్దదో తెలియాలంటే, పాత మహబూబ్‌నగర్ జిల్లా 18,432 చదరపు కిలోమీటర్లు కదా, 1967కు ముందున్న ఇజ్రాయెల్ దానికంటే కొంచెమే పెద్దది.

ఇక సరిహద్దు. 1949లో యుద్ధం ఆగినప్పుడు సైన్యాలు ఎక్కడ నిలబడ్డాయో అక్కడ గీసిన గీతే గ్రీన్ లైన్. 1967లో ఆరు రోజుల యుద్ధంలో ఇజ్రాయెల్ ఆ గీత దాటి వెస్ట్‌బ్యాంక్ (జోర్డాన్ నదికి పడమటి నేల), తూర్పు జెరూసలేం, గాజా, గోలన్ గుట్టలు, సినాయ్ పట్టుకుంది. సినాయ్‌ని 1982కల్లా ఈజిప్టుకు తిరిగి ఇచ్చేసింది, 1994లో జోర్డాన్‌తో ఒప్పందం అయింది, కాబట్టి ఆ రెండు వైపులా గొడవ లేదు. మిగతా చోట్ల ఎవరు అచ్చు వేస్తే వాళ్ల లెక్క ప్రకారం మ్యాప్ మారుతుంది.

మీరు బైబిల్లో చదివిన ఊళ్లు ఎక్కడున్నాయో ఒకసారి వెతకండి. బెత్లెహేము, హెబ్రోను, యెరికో, షెకెము (నేటి నాబ్లస్) అన్నీ వెస్ట్‌బ్యాంక్‌లోనే ఉన్నాయి, అంటే పాలస్తీనీయులు తమ దేశం కావాలని అడుగుతున్న నేలలో. టెల్ అవీవ్ చూస్తే 1909లో సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మీద మొదలైన ఊరు. యూదుల పాత జ్ఞాపకంలో చాలా భాగం గీతకు అవతల, కొత్త పట్నాల్లో చాలావరకు గీతకు ఇవతల. పేచీ ఇంత ముదరడానికి ఇదొక పెద్ద కారణం అని నేను గట్టిగా నమ్ముతాను. వెస్ట్‌బ్యాంక్‌లో ఇప్పుడు ఐదు లక్షలకు పైగా యూదులు కాలనీలు కట్టుకుని ఉంటున్నారు, ఆ ఆక్రమణ చట్టవిరుద్ధమని 2024 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది, ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు.

బెత్లెహేముకు వెళ్లే దారిలో ఎత్తైన కాంక్రీటు గోడ, చెక్‌పోస్టు వస్తాయి. పాలస్తీనా అధికారం కిందున్న ఊళ్ల మొదట్లో ఎర్ర బోర్డు ఉంటుంది, ఇజ్రాయెల్ పౌరులు లోపలికి రాకూడదని మూడు భాషల్లో రాసి. అందుకే చాలాసార్లు అక్కడ మీ గైడు మారిపోతారు. పాస్‌పోర్టు ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి, బయల్దేరే ముందు మన విదేశాంగ శాఖ సూచనలు చూడండి.

పాత పట్టా ఒకరిది, కాస్తులో ఇంకొకరు. ఇసొంటి కేసులు మన తహసీల్ ఆఫీసుల మస్తు చూసినం. అక్కడ న్యాయం ఎవరి దిక్కు?
– రిటైర్డ్ వీఆర్వో, మక్తల్

పోలిక బాగుంది సార్, కానీ పూర్తిగా అతకదు. పాత పట్టా వాళ్లు, అంటే యూదులు, భూమి వదిలేసి ఊరికే పోలేదు, క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేంలోని వాళ్ల గుడి కూల్చారు, 135లో తిరుగుబాటును అణిచి జెరూసలేం నుంచే వెళ్లగొట్టారు, ఆ తర్వాత ఐరోపాలో చాలా చోట్ల నెమ్మదిగా బతకనివ్వలేదు, చివరికి హిట్లర్ అరవై లక్షల మందిని చంపించాడు. ఇటు కాస్తులో ఉన్నవాళ్లూ నిన్నమొన్న వచ్చినవాళ్లు కారు, తరతరాలుగా ఆలివ్ తోటలు చేసుకున్నవాళ్లు. 1948లో దాదాపు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్లు వదిలి పోయారు, కొందరు భయంతో, కొందరు తరిమితే. ఆ ఇంటి తాళం చెవిని ఇప్పటికీ దాచుకున్న కుటుంబాలున్నాయి.

2023 అక్టోబర్ 7న గాజాలోని పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ దాదాపు 1,200 మందిని చంపి 251 మందిని ఎత్తుకుపోయింది, అది దారుణం. ఆ తర్వాత గాజాలో పదుల వేల మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలే వేలల్లో ఉన్నారు, అదీ దారుణమే. ఒకటి చెప్పి ఇంకోటి దాచేవాళ్ల మాట నేను వినను. ఇద్దరికీ దేశం ఉండాలి. ఇండియా 1950లో ఇజ్రాయెల్‌ను, 1988లో పాలస్తీనాను గుర్తించింది, మన పీవీ ప్రధానిగా ఉండగా 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది.

బత్తాయి తోటకు డ్రిప్ వేసినం. ఇది ఇజ్రాయెల్ వాళ్లదే అంటరు, నిజమేనా?
– రైతు, నల్గొండ

ఇప్పుడు మనం వాడే పద్ధతి అక్కడిదే. సింహా బ్లాస్ అనే ఇంజినీరు, పైపు కారుతున్న చోట ఒక చెట్టు పక్క చెట్ల కంటే ఏపుగా పెరగడం గమనించారు. 1965లో నెగెవ్ ఎడారిలోని హట్సెరిమ్ కిబ్బుట్జ్‌తో (అందరూ కలిసి సాగు చేసుకునే ఊరు) కలిసి డ్రిప్ కంపెనీ మొదలైంది. వాడిన మురుగు నీటిని శుద్ధి చేసి మళ్లీ పొలాలకు పెట్టడంలో కూడా వాళ్లు ముందున్నారు. మనం అసలు నేర్చుకోవాల్సింది అదే.

సెంట్రింగ్ పని చేస్త. ఇజ్రాయెల్‌ల నెలకు లక్ష దాటి ఇస్తరట. ఏజెంట్ పైసలు అడుగుతుండు. పోవచ్చా?
– ఒక తమ్ముడు, అచ్చంపేట

జీతం మాట నిజమే తమ్ముడూ. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్ పనులకు రెండు ప్రభుత్వాలు మాట్లాడుకుని మనవాళ్లను తీసుకున్నాయి. అక్టోబర్ 7 తర్వాత పాలస్తీనా కూలీలను రానివ్వకపోవడంతో అక్కడ పనివాళ్లకు కొరత వచ్చింది, ఆ ఖాళీలోకే నువ్వు వెళ్తున్నావని తెలుసుకో. ప్రమాదం ఉత్త మాట కాదు, 2024 మార్చిలో లెబనాన్ సరిహద్దు దగ్గర తోటలో పనిచేస్తున్న కేరళ యువకుడు క్షిపణి పడి చనిపోయాడు.

ఏజెంట్‌కు రూపాయి కూడా ఇవ్వకముందే అతని లైసెన్సు నంబరు మన విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడు, లేకపోతే మాటలు ఆపేయ్. పని ఏ ఊళ్లోనో కాంట్రాక్టులో రాయించుకో. ఉండే గదికి షెల్టర్ (రాకెట్లు పడేటప్పుడు దాక్కునే గది) ఎంత దూరమో కూడా అడుగు, ఎందుకంటే గాజా పక్క ఊళ్లలో సైరన్ మోగాక దొరికేది పదిహేను సెకన్లు, టెల్ అవీవ్‌లో తొంభై. ఇంట్లో అమ్మానాన్నలకు కాంట్రాక్టు కాపీ ఒకటి ఇచ్చి వెళ్లు.