అంబాసిడర్ చాంబర్ దగ్గర ఆయిల్ లీకు: ప్యాకింగ్ మళ్ళీ మార్చేముందు ఏం చూడాలి?

చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి) ప్యాకింగ్ రెండుసార్లు మార్చినా మీ అంబాసిడర్ కింద ఆయిల్ మరకలు ఆగలేదంటే, ఆ ఆయిల్ అసలు ప్యాకింగ్ నుంచి రావడం లేదేమో అని ముందు అనుమానించాలి. ఇక్కడ పాత 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) పెట్రోల్ ఇంజిన్ గురించే చెబుతున్నాను. ఇసుజు 1.8 ఇంజిన్ వెనక సీలు వేరే రకం, దానికి ఇది వర్తించదు.

ఈ ఇంజిన్‌లో పైన ఎక్కడ కారినా ఆయిల్ బ్లాకు వెంబడి దిగి చాంబర్ అంచు మీద చేరుతుంది. బండి నడుస్తుంటే గాలికి అది వెనక్కి కూడా పోతుంది. అందుకే చుక్క పడే చోటును బట్టి ఏదీ తేల్చకండి. ఇంజిన్ చల్లబడ్డాక డిస్ట్రిబ్యూటర్‌కి ప్లాస్టిక్ కవరు చుట్టి, కిరసనాయిలు, బ్రష్షుతో మొత్తం కడగండి. తర్వాత సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఇంజిన్ ఆయిల్‌లో యూవీ డై (అతినీలలోహిత వెలుతురులో మెరిసే రంగు) కలిపి ఇరవై నిమిషాలు నడిపి, యూవీ టార్చితో పైనుంచి కిందికి చూసుకుంటూ రండి. అన్నిటికన్నా ఎత్తులో తడి ఎక్కడుందో అదే అసలు చోటు. డై దొరక్కపోతే ఆరిన బ్లాకు మీద టాల్కం పౌడరు చల్లండి, తడి గీత స్పష్టంగా కనిపిస్తుంది.

రాకర్ కవర్ (ఇంజిన్ పైమూత) కింద ఉండే కార్క్ ప్యాకింగ్ అందరూ చూస్తారు. ఎక్కువమంది వదిలేసేది మానిఫోల్డ్ (ఇంజిన్ పక్కన గాలి, పొగ వెళ్ళే గొట్టాలు) కింద దాక్కుని ఉండే రెండు సైడు ప్లేట్లను. ఒక్కో ప్లేటుకి మధ్యలో ఒకటే బోల్టు. లీకు ఆగట్లేదని ఆ బోల్టును ఇంకా బిగిస్తే రేకు మధ్యలో లోపలికి వంగి, అంచులు పైకి లేచి, లీకు పెరుగుతుంది. 2 పౌండ్-అడుగుల బిగింపు చాలు. ప్లేటు చదునుగా ఉందో లేదో అద్దం మీద పెట్టి చూడండి, కొత్త కార్క్‌తో పాటు బోల్టు కింద వాషరు కూడా మార్చండి.

తర్వాత బ్రీదర్, అంటే ఇంజిన్ లోపలి ఆవిరి, ఒత్తిడి బయటికి పోయే దారి. సైడు ప్లేటు నుంచి కిందికి దిగే గొట్టం, రాకర్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి వెళ్ళే గొట్టం మడ్డితో పూడుకుపోతే, క్రాంక్‌కేస్‌లో (క్రాంక్ తిరిగే ఇంజిన్ కింది భాగంలో) ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను ప్రతి అతుకు నుంచీ బయటికి తోస్తుంది. అప్పుడు ఎంత మంచి ప్యాకింగ్ వేసినా నిలవదు. గొట్టాలు శుభ్రంగా ఉండి కూడా, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే బుసబుసమని గాలి కొడుతోందంటే పిస్టన్ రింగులు అరిగాయి.

పైన అంతా పొడిగా ఉంటేనే చాంబర్ విప్పండి. పాత బిగింపుల వల్ల బోల్టు రంధ్రాల చుట్టూ రేకు పైకి ఉబ్బి ఉంటుంది. స్కేలు పెడితే వెలుతురు కనిపిస్తుంది. కింద చదునైన ఇనుప దిమ్మ ఉంచి చిన్న సుత్తితో ఆ ఉబ్బును అణచండి. ఈ పని చేయకుండా కొత్త ప్యాకింగ్ వేస్తే డబ్బు దండగ. క్రాంక్‌ను పట్టి ఉంచే ముందూ వెనకా బేరింగ్ క్యాపుల గాడిలో కూర్చునే కార్క్ ముక్కలను అంచుతో సమానంగా కోయకండి. ఒకటిన్నర మిల్లీమీటరు పైకి ఉండాలి, చాంబర్ నొక్కినప్పుడు అవే మూలలను మూస్తాయి. ఎండి కుదించుకుపోయిన కార్క్‌ను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే పాత కొలతకు వస్తుంది. నాలుగు మూలల్లో మాత్రం బఠాణీ గింజంత సిలికాన్ పెట్టండి. అంతా పూసేస్తే లోపలికి పిండుకొచ్చిన ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడతాయి.

చాంబర్ బోల్టుల బిగింపు: మధ్య నుంచి చివరలకు, ఎదురెదురుగా, 6 పౌండ్-అడుగులు, అంటే సుమారు 8 న్యూటన్ మీటర్లు. ఇది చేతికి చాలా తక్కువగా అనిపిస్తుంది, అయినా అంతే. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్ళీ చూసుకోండి.

ఇక బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ ఉండే గూడు) అడుగు రంధ్రం నుంచి చుక్కలు పడుతున్నాయా? ఆ ఆయిల్‌లో డై మెరవకపోతే అది గేర్‌బాక్స్‌ది. మెరిస్తే క్రాంక్ వెనక నుంచి వస్తోంది. ఈ ఇంజిన్‌కి అక్కడ రబ్బరు సీలే లేదు. క్రాంక్ మీద కోసిన మరలాంటి గాడి, తిరుగుతున్నప్పుడు ఆయిల్‌ను లోపలికి లాగుతుంది. ఆపాక కొద్దిగా కారడం దాని స్వభావం, ముక్కు పైకి ఉండేలా ఏటవాలులో నిలిపితే ఇంకాస్త ఎక్కువ. డిప్‌స్టిక్ మీద మ్యాక్స్ గీత దాటి పోయకండి. నడుస్తున్నప్పుడు కూడా ధారగా వస్తుంటే మెయిన్ బేరింగులు అరిగి, గాడికీ దాని చుట్టూ ఉన్న బోరుకీ మధ్య సందు పెరిగి ఉంటుంది, లేదా వెనక బేరింగ్ క్యాపు అడ్డ అతుకులో జాయింటు పేస్టు వేయకుండా బిగించి ఉంటారు. ఇది చాంబర్ ప్యాకింగ్‌తో ఎన్నటికీ ఆగదు. మూడు బేరింగుల బి-సిరీస్‌కి (ఈ ఇంజిన్ కుటుంబం పేరు అదే) లిప్ సీలు, అంటే రబ్బరు సీలు కిట్లు ఇంగ్లండ్‌లో ఎంజీ కార్ల కోసం అమ్ముతారు. అయితే దానికోసమే ఇంజిన్ దించడం నా దృష్టిలో అనవసరం. క్రాంక్ గ్రైండింగ్‌కి ఎప్పుడు ఇస్తారో అప్పుడు ఆలోచించండి.