సింహాల పక్కన కాసేపు కూర్చో

మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్

చిరంజీవి హారికకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం నువ్వు పంపిన ఫొటోలను మీ తాతయ్య అద్దాలు తుడుచుకుని మరీ చూశారు. లెక్కపెట్టారు కూడా, నలభై ఏడట. పొద్దున తొమ్మిదికి హాస్టల్లో బయలుదేరి చీకటి పడేలోగా తొమ్మిది చోట్లకు వెళ్లి వచ్చామన్నావు. సంతోషం. అయితే ఏమేమి చూశావని ఆ రాత్రి అడిగితే, "అన్నీ పెద్ద పెద్ద బిల్డింగులు అమ్మమ్మా, కాళ్లు పీకుతున్నాయి" అన్నావు. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే సగం విని మిగతా సగానికి ఊ కొడతావు. కాగితమైతే బస్సులోనైనా చదువుతావని ఆశ.

నేను చెప్పేది పెద్ద విషయమేమీ కాదు. రోజుకు ఒక కట్టడం, ఒక తోట. మూడోది పెట్టుకోవద్దు. తోట ఎందుకంటే, చూసినదాన్ని నెమరువేసుకోవడానికి నీడ కావాలి. పిల్లలమర్రి కింద ఆడుకుంటూ పెరిగినదానివి, నీడ విలువ నీకు నేను చెప్పాలా?

మొదటి ఆదివారం కోఠికి వెళ్లు. నేను చదువుకున్న చోటు అని చెప్పడం లేదు. సరే, కొంచెం అందుకే. 1971లో పాలమూరు నుంచి ట్రంకుపెట్టెతో వచ్చి ఆ రెసిడెన్సీ భవనం ముందు నిలబడ్డప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఆరు ఎత్తైన స్తంభాలు, వాటి కింద వెడల్పాటి మెట్లు, మెట్లకు అటూ ఇటూ రెండు రాతి సింహాలు. అది కాలేజీ అని నమ్మడానికి నాకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం సింహం పక్కన కూర్చుని, గుడ్డలో కట్టుకొచ్చిన జొన్నరొట్టె, పల్లికారం తిన్నాను. ఎండకు కాగిన రాయి చీర మడతల్లోంచి చురుక్కుమంది. ఆ వేడి తగిలాక భయం పోయింది. కట్టడంతో పరిచయం కావాలంటే దాని మీద కాసేపు కూర్చోవాలని అప్పుడే తెలిసింది. కూర్చోనిచ్చే చోటైతేనే సుమా.

ఇక దాని కథ. ఈస్టిండియా కంపెనీ తరఫున నిజాం దర్బారులో ఉండే ఇంగ్లీషు ప్రతినిధిని రెసిడెంట్ అనేవారు. 1798 నుంచి 1805 వరకు ఆ పదవిలో ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ ఈ భవనాన్ని 1803లో మొదలుపెట్టించాడు. నమూనా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. డబ్బు మాత్రం నిజాంది. దీని మీద ఒక ముచ్చట చెబుతారు. కిర్క్‌పాట్రిక్ మొదట స్థలం పటాన్ని చాప అంత కాగితం మీద గీయించి తీసుకెళ్తే నిజాం అలీఖాన్ కుదరదు పొమ్మన్నాడట. అంత పెద్ద పటం తన రాజ్యానికే ఉంటుంది, ఇంత నేల ఎలా ఇచ్చేది అని ఆయన అనుమానం. ఆ తర్వాత అదే పటాన్ని అరచేతిలో పట్టేంత చిన్న కాగితం మీద గీసి చూపిస్తే వెంటనే ఒప్పుకున్నాడట. నిజమో కాదో గానీ, భూమి పత్రాల మీద సంతకం పెట్టే ప్రతివాడూ గుర్తుపెట్టుకోవాల్సిన కథ.

హైదరాబాద్ ఎప్పుడూ ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో లేదని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. కాగితం మీద నిజమే. ఆ మెట్ల కింద నిలబడి తలెత్తి చూడు. స్తంభాల మీది ముక్కోణపు గోడ మీద ఉన్నది కంపెనీ ముద్ర. నిజాం డబ్బుతో, నిజాం నేల మీద! చరిత్ర పుస్తకం నాలుగు పేజీల్లో చెప్పే సంగతి ఆ గోడ ఒక్క చూపులో చెబుతుంది.

లోపలికి వెళ్లే అవకాశం దొరికితే దర్బారు హాలు పైకప్పు చూడటం మరిచిపోవద్దు. మా లెక్చరరు ఒకావిడ సుద్దముక్కతో పైకి చూపించి, ఆ పూలూ లతలూ దేనితో చేశారో చెప్పమన్నారు. రాయి అన్నాం, సున్నం అన్నాం, ఒకమ్మాయి కలప అంది. చివరికి ఆవిడే చెప్పారు, కాగితపు గుజ్జు అని. ఆ తర్వాత వారం రోజులు అందరం మెడలు నొప్పి పుట్టేలా పైకే చూస్తూ నడిచాం. చాలా ఏళ్ల పాటు మరమ్మతులు జరిగి ఆ భవనం ఈమధ్యే మళ్లీ కళకళలాడుతోంది. అదిప్పుడు విశ్వవిద్యాలయం ఆవరణ కాబట్టి సందర్శకులను ఏ రోజు, ఏ వేళ అనుమతిస్తారో ముందే కనుక్కుని వెళ్లు. గేటు దగ్గర వాచ్‌మన్‌తో మర్యాదగా మాట్లాడు. ఇరవై ఏళ్లుగా అక్కడ నిలబడ్డ మనిషికి తెలిసినంత ఏ బోర్డు మీదా రాసి ఉండదు.

వెనకవైపు కిర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నిసా కోసం కట్టించిన చిన్న నమూనా భవనం ఉంది. ఆమె పరదాలో ఉండేది గనుక ముందువైపుకు వచ్చి అసలు భవనాన్ని చూడలేదు. అందుకే ఆడవాళ్లు ఉండే జనానా తోటలో దానికి బొమ్మలాంటిది కట్టించాడని చెబుతారు. మీ స్నేహితురాళ్లు అక్కడ 'ఎంత ప్రేమ!' అనుకుంటూ ఫొటోలు తీసుకుంటారు. తీసుకోనీ. నువ్వు మాత్రం మిగతా సగం కూడా తెలుసుకో. వాళ్ల ఇద్దరు పిల్లలను 1805లో ఇంగ్లండు పంపించేశారు. ఆ ఏడాదే కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. తల్లి మళ్లీ పిల్లల ముఖం చూడలేదు. ఇరవై ఏడేళ్లకే పోయింది. ఆ బొమ్మ ఇంటి ముందు నాకెప్పుడూ ప్రేమకథ గుర్తుకు రాలేదు, ఇద్దరు పిల్లల తల్లే గుర్తుకు వచ్చేది.

బయటికి వచ్చాక కోఠి బస్టాండు దగ్గర తుర్రెబాజ్‌ఖాన్ స్మారకం ఉంటుంది. బస్సుల మధ్య ఎవరూ దాన్ని పట్టించుకోరు. 1857 జులై 17న ఆయనా, మౌల్వీ అల్లావుద్దీనూ జనంతో కలిసి ఇదే రెసిడెన్సీ మీద దాడి చేశారు. మౌల్వీని అండమాన్ పంపారు, తుర్రెబాజ్‌ఖాన్‌ను తూప్రాన్ దగ్గర చంపేశారు. సింహాలను చూసినవాళ్లు రెండు నిమిషాలు ఇక్కడ కూడా నిలబడాలి. లేకపోతే చూసింది సగమే. ఇంకో సంగతి. 1949లో ఆ భవనం ఆడపిల్లల కాలేజీ అయింది, ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. తన పొలం కోసం దొరలతో తలపడ్డ మనిషి పేరు కంపెనీ ముద్ర కింద! నాకైతే ఆ వార్త చదివినప్పుడు నవ్వాగలేదు.

ఆ రోజుకు తోటగా ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును చూడు. తోట కాదు, ఒక్క చెట్టే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు ఆ చెట్టెక్కి నూటయాభై మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. అదే వరదలో కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నాడు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అక్కడికి వెళితే కెమెరా సంచిలోనే ఉంచు. చుట్టూ రోగులూ, వాళ్ల బంధువులూ ఉంటారు. చెట్టు కింద పది నిమిషాలు ఊరికే కూర్చుని వచ్చేయి.

రెండో ఆదివారం నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్. పాతవాళ్లు బాగే ఆమ్ అంటారు, అంటే అందరి తోట అని. 1846 నాటిది. పొద్దున ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి. ఎనిమిది దాటితే ఎండా, జనమూ పోటీపడి వస్తాయి. నడిచేవాళ్ల వెంట పడి ఒక చుట్టు తిరిగి, నచ్చిన చెట్టు కింద బెంచీ చూసుకుని కూర్చో. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఇల్లు గుర్తొచ్చి దిగులేస్తే ఇక్కడికే వచ్చేదాన్ని. తోటమాలి ఒకాయన ఎండుటాకులు ఊడుస్తూ పలకరించేవాడు. ఆయనది అచ్చంపేట వైపు. ఊరి మాట వినబడగానే నా దిగులు సగం పోయేది.

అక్కడి నుంచే అసెంబ్లీ తెల్లటి గుమ్మటాలు కనబడతాయి. లోపలికి వెళ్లనివ్వరు, వెళ్లాల్సిన పనీ లేదు. మన ఊరికి 1890లో ఏ నిజాం పేరు పెట్టారో ఆ మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో మొదలుపెట్టిన టౌన్‌హాల్ అది. 1913లో పూర్తయింది, అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. తోటలోని మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది, నీకు నచ్చుతుంది. శుక్రవారం మాత్రం వెళ్లకు, మ్యూజియానికి సెలవు. సాలార్‌జంగ్‌కూ అంతే. నేను ఒకసారి నలుగురు చుట్టాలను వెంటబెట్టుకుని శుక్రవారమే వెళ్లాను. ఆ మాట మీ తాతయ్య ఇప్పటికీ ఎత్తుతారు.

సికింద్రాబాద్ గురించి ఎక్కువ రాయను. అక్కడి ఎండ నాకు పడదు. 1806లో సికందర్ జా పేరు మీద వెలసిన కంటోన్మెంటు ఊరు. 1897లో ప్రారంభమైన క్లాక్‌టవర్, దాని చుట్టూ చిన్న పార్కు, పార్కులో 1969 తెలంగాణ ఉద్యమ అమరుల స్తూపం. అప్పుడు నేను పదో తరగతి, ఆ ఏడాది మా చదువులు ఎలా సాగాయో నువ్వు వచ్చినప్పుడు చెబుతాను. దగ్గర్లోనే 1850 నాటి సెయింట్ మేరీస్ చర్చి. ప్రార్థన జరిగే వేళ కాకుండా చూసుకుని వెళ్లు, తలకు చున్నీ కప్పుకో. బేగంపేటలో రోనాల్డ్ రాస్ పనిచేసిన ఇల్లు ఉంది. 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమిని ఆయన కనిపెట్టింది అక్కడే, 1902లో నోబెల్ వచ్చింది. సాయంత్రం పార్కులో దోమలు కుడితే ఆయన్ను తలుచుకో, కానీ మందు ముందే రాసుకో.

ఖర్చు సంగతి. ఆర్టీసీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు గదా, ఆధార్ కార్డు మరిచిపోకు. మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్ నడిచేంత దూరమే. కోఠిలో ఆటో ఎక్కకు, నడువు. నీళ్లసీసా, రెండు అరటిపండ్లు సంచిలో ఉండాలి. పాత కట్టడాల దగ్గర మంచినీళ్లు దొరుకుతాయని ఎన్నడూ నమ్మవద్దు. కొత్త చెప్పులు వేసుకుని వెళ్లావంటే మాత్రం మధ్యాహ్నం నాకు ఫోను చేసి ఏడవకు. ఒంటరిగా వెళ్లడం కంటే ఒక్క స్నేహితురాలితో వెళ్లు. ఒక్కరే. ఆరుగురైతే ఇక ఎవరు ఎక్కడున్నారో వెతకడమే సరిపోతుంది.

ఫొటోలు మానేయమనను. ముందు పావుగంట చూడు, ఆ తర్వాత తీయి. రాత్రి పడుకునే ముందు మూడు వాక్యాలు రాసి పెట్టుకో. కట్టిందెవరు, డబ్బు ఎవరిది, ఇప్పుడు అక్కడ ఎవరు తిరుగుతున్నారు. ఈ మూడూ రాయగలిగితే చూసినట్టే.

సంక్రాంతికి ఇంటికి వచ్చేటప్పుడు ఎలాగూ కాచిగూడలోనే రైలెక్కుతావు. పావుగంట ముందు వెళ్లి రోడ్డుకు అవతలివైపు నిలబడి స్టేషన్ ముఖం ఒకసారి చూడు. 1916 నాటిది, మధ్యలో పెద్ద గుమ్మటం, పక్కన చిన్నవి, వాటికి మినార్లు. నా రోజుల్లో అక్కడి నుంచి మీటర్ గేజ్ బండి నింపాదిగా పాలమూరుకు వచ్చేది. మూడేళ్లు ఆ స్టేషన్‌లో ఎక్కి దిగాను గానీ, దాన్ని సరిగ్గా తలెత్తి చూసింది చదువు పూర్తయి తిరిగొచ్చే రోజునే. ట్రంకుపెట్టె మోసే కూలీ కోసం ఎదురుచూస్తూ.

పక్కింటి వాళ్ల అబ్బాయి ఆదివారం హైదరాబాద్ వస్తున్నాడు, అతని చేత నా నల్ల గొడుగు పంపిస్తున్నాను. ఒక పుల్ల వంగి ఉంది, తెరిచేటప్పుడు ఎడమవైపు కొంచెం సర్దాలి. పాతదని సిగ్గుపడకు. కోఠిలో మొదటి జీతంతో కొన్నది, మళ్లీ ఒకసారి ఆ మెట్ల దాకా వెళ్లి రానీ.

ఇట్లు,
మీ అమ్మమ్మ

తాజా కలం: తాతయ్య అడగమన్నారు, ఆ నలభై ఏడు ఫొటోల్లో ముప్పై రెండోది ఏ ఊరిదని. అది మీ హాస్టల్ మెట్లేనని నా అనుమానం.