పిల్లల పుస్తకాలు ఎవరికి, ఎలా ఇవ్వాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వేసవి సెలవులలో ఇల్లు సర్దుకునే వేళ, చదివేసిన పుస్తకాలను ఏం చేయాలన్న ప్రశ్న చాలామందికి ఎదురవుతుంది. బెంగళూరు పాఠకుల నుంచి ఈ విషయమై వచ్చిన ఉత్తరాలలో కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాము.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటులో పిల్లలు ఎదిగాక మిగిలిపోయిన పుస్తకాలను అన్ని ఇళ్ల నుంచీ సేకరించాము. క్లబ్‌హౌస్‌లో ఒక గది నిండింది. అన్నీ దగ్గరలోని ప్రభుత్వ పాఠశాలకు చేర్చేద్దామని కొందరు, ఏదైనా సంస్థకు అప్పగిద్దామని కొందరు అంటున్నారు. ఏది మేలు?
- ఎస్.ఆర్., వైట్‌ఫీల్డ్

జవాబు: ఎవరికి ఇవ్వాలో తేల్చుకునే ముందు ఆ గదిలో ఏమేమి ఉన్నాయో మీరే కూర్చుని చూడాలి. ఇలా పోగైన వాటిని విడదీస్తే సాధారణంగా ఎక్కువగా బయటపడేవి సిలబస్ మారిపోయిన పాఠ్యపుస్తకాలు, జవాబులన్నీ పెన్నుతో నింపేసిన వర్క్‌బుక్కులు, ప్రవేశపరీక్షల గైడ్లు, ఎవరూ తెరవని ఇంగ్లిషు విజ్ఞానసర్వస్వపు సంపుటాలు. ఇవి బడికి చేరితే ఏడెనిమిదేళ్ల పిల్లలకు అందేది ఏమీ ఉండదు; పైగా వాటిని పారేసే భారం ఆ ఉపాధ్యాయుల మీద పడుతుంది. నింపేసిన వర్క్‌బుక్కులను మీరే పాత కాగితాల వాళ్లకు అమ్మి, వచ్చిన డబ్బుతో నాలుగు కథల పుస్తకాలు కొనడం ఎంతో మంచిది.

మిగిలినవాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. కుట్టు ఊడిపోయిందా, మధ్యలో పేజీలు పోయాయా, చెమ్మ పట్టి అట్టలు అంటుకుపోయాయా అన్నది చేత్తో తిప్పి చూస్తేనే తెలుస్తుంది. కథ చివరి రెండు పేజీలు లేని పుస్తకాన్ని మీ బిడ్డకు ఇవ్వరు కదా, మరొకరి బిడ్డకూ ఇవ్వకూడదు. ఈ మాట కొంత కఠినంగా ఉన్నా, పుస్తకదానంలో జరిగే అన్యాయాలలో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతున్నందువల్ల చెప్పక తప్పడం లేదు.

తరువాత బడికి వెళ్లి ప్రధానోపాధ్యాయులను, వీలైతే పాఠశాల అభివృద్ధి, పర్యవేక్షణ సమితి సభ్యులను కలిసి, ఏ తరగతుల పిల్లలకు ఏ భాషలో, ఎలాంటి పుస్తకాలు కావాలో అడగండి. కర్ణాటక ప్రభుత్వ బడులలో ఒకటి నుంచి మూడో తరగతి వరకు పిల్లలు ఆటపాటలతో సాగే 'నలి-కలి' పద్ధతిలో ఒకే గదిలో కలిసి నేర్చుకుంటారు. వాళ్లకు పేజీకి ఒకటి రెండు వాక్యాలతో, పెద్ద బొమ్మలతో ఉన్న పుస్తకాలు కావాలి. పుస్తకం ఏ వయసుకు తగినదో తేల్చుకోవడానికి ఉపాధ్యాయులు వాడే ఒక సులువైన పద్ధతి ఉన్నది: పిల్లవాడి చేత ఒక పేజీ పైకి చదివించండి, ఐదు మాటల దగ్గర తడబడి ఆగిపోతే ఆ పుస్తకం ప్రస్తుతానికి అతనికి బరువైనదని అర్థం. ఇలా ఏరిన తరువాత గది నిండా ఉన్నవి రెండు అట్టపెట్టెలకు తగ్గినా బాధపడవద్దు. ఆ బడి పిల్లలకు నిజంగా పనికివచ్చేవి ఆ రెండు పెట్టెలే.

నగరంలోని బడులకే పరిమితం కానక్కరలేదు. కర్ణాటక గ్రామ పంచాయతీ గ్రంథాలయాలలో 2020లో 'ఓదువ బెళకు' (చదువుల వెలుగు) కార్యక్రమం మొదలై, పల్లె పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇస్తున్నారు. ఈ గ్రంథాలయాలనే ఇప్పుడు 'అరివు కేంద్ర' (జ్ఞాన కేంద్రం) అంటున్నారు. కన్నడ బాలసాహిత్యం మీ దగ్గర ఉంటే అక్కడ దానికి పాఠకులు దొరుకుతారు.

ప్రశ్న: మా ఇంటి దగ్గర కడుతున్న భవనం పనికి కర్నూలు, రాయచూరు వైపుల నుంచి వచ్చిన కుటుంబాలు రేకుల షెడ్లలో ఉంటున్నాయి. పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కొందరు కన్నడ బడికి వెళ్తున్నారు, కొందరు ఎక్కడికీ వెళ్లడం లేదు. నా దగ్గర ఉన్నవి ఇంగ్లిషు పుస్తకాలు. అవి ఇవ్వనా, తెలుగువి కొననా, కన్నడవి కొననా?
- పి.వి., సర్జాపుర రోడ్డు

జవాబు: తెలుగుతో మొదలుపెట్టండి, ఇచ్చి వచ్చేయకుండా చదివి వినిపించండి. బడిలో కన్నడం, చుట్టూ హిందీ, అపార్ట్‌మెంట్ల బోర్డుల మీద ఇంగ్లిషు, ఇంట్లో తెలుగు వింటూ పెరిగే ఈ పిల్లలకు అక్షరం ముందు అర్థం కావలసినది కథ. తెలిసిన భాషలో కథ విన్న పిల్లలు తరువాత ఏమైందో ఊహిస్తారు, ఎందుకని అడుగుతారు, తమ సంగతులు చెప్తారు. ఒక షెడ్డులో ఇలా చదివి వినిపిస్తుంటే నేను చూశాను. జొన్నచేను మీద వాలిన పిట్టల బొమ్మ రాగానే ఒక పిల్ల లేచి, తమ ఊళ్లో తాత మంచె ఎక్కి వడిసెలతో వాటిని ఎలా తోలేవాడో చెయ్యి తిప్పి చూపించడం మొదలుపెట్టింది; చదువుతున్న ఆవిడ పుస్తకం పక్కనపెట్టి ఆ పిల్ల చెప్పేదంతా విన్నారు. బెంగళూరుకు వచ్చాక ఆ ఊరి బతుకు గురించి ఆ పిల్లను అడిగినవాళ్లు అంతకుముందు ఎందరు ఉండి ఉంటారు?

కన్నడ పుస్తకాలు రెండో అడుగు. బడికి వెళ్తున్న పిల్లలు కన్నడ అక్షరాలు నేర్చుకుంటున్నారు కాబట్టి, తెలుగులో విన్న కథనే కన్నడంలో చూస్తే ఒంటరిగా చదవడానికి ధైర్యం వస్తుంది. రెండు లిపులూ దగ్గరివి కావడం ఇక్కడ మనకు కలిసివచ్చిన అదృష్టం. ఒకే కథ రెండు భాషలలో దొరకడం ఇప్పుడు కష్టం కాదు. 2004లో బెంగళూరులో మొదలైన ప్రథమ్ బుక్స్ లాభాపేక్ష లేని ప్రచురణ సంస్థ. వాళ్లు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు, కన్నడ కథలు ఉచితంగా చదువుకోవచ్చు, దింపుకోవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చని ముందే అనుమతించే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్నందువల్ల అచ్చువేసి పంచవచ్చు. వీటిని నాలుగు స్థాయిలుగా విభజించారు. మొదటి స్థాయి కథలో 250 మాటలు మించవు. చెన్నైలోని తూలిక ప్రచురణ సంస్థ ఇంగ్లిషుతో పాటు తెలుగు, కన్నడ వంటి భాషలు ఒకే పేజీలో ఉండే ద్విభాషా పుస్తకాలు తెస్తున్నది. సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ వారివి, 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు వారివి తక్కువ ధరకు దొరుకుతాయి.

మీ దగ్గర ఉన్న ఇంగ్లిషు పుస్తకాలలో మాటలు లేని బొమ్మల పుస్తకాలు, ఒక్కో పేజీకి ఒక్కో వస్తువు ఉన్న దళసరి అట్టల పుస్తకాలు ఉంటే తప్పక వాడండి. వాటిని ఏ భాషలోనైనా చెప్పవచ్చు.

రేకుల షెడ్డులో పుస్తకం నిలవడం గురించి కూడా ఆలోచించాలి. వాన జల్లుకు తడుస్తుంది, ఎలుకలు కొరుకుతాయి. ఒక చిన్న ట్రంకు పెట్టె కొని, ఎండిన వేపాకు వేసి, పెద్దపిల్లల్లో ఒకరికి దాని బాధ్యత అప్పగించండి. చదివే సమయంలో గోడకు తాడు కట్టి పుస్తకాలను మధ్యకు తెరిచి దాని మీద వేలాడదీస్తే అట్టలు అందరికీ కనిపిస్తాయి, నచ్చినది పిల్లలే ఎంచుకుంటారు.

బడికి వెళ్లని పిల్లల విషయం పుస్తకాలతో తీరేది కాదు. 6 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలను వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెప్తున్నది. ఆ తల్లిదండ్రులు పని మానుకుని తిరగలేరు. మీరు ఒక్క పూట వారి తరఫున బడికి వెళ్లి మాట్లాడగలిగితే అంతకు మించిన దానం లేదు.

ప్రశ్న: కిందటేడు మేము ఒక బడికి ఇచ్చిన పుస్తకాలు ఇప్పటికీ బీరువాలో తాళం వేసి ఉన్నాయి. అడిగితే పిల్లలు చింపేస్తారని అంటున్నారు. ఏం చేయాలి?
- ఎం.కె., జయనగర

జవాబు: ఆ ఉపాధ్యాయుల మీద కోపం తెచ్చుకోకండి. పోయిన ప్రతి వస్తువుకూ లెక్క చెప్పవలసినవాళ్లు భయపడడం సహజం. ఈ పుస్తకాలు చిరిగినా, పోయినా మాకు అభ్యంతరం లేదని మీరు ఉత్తరం రాసి ఇస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది. వారానికి ఒక గంట మీలో ఒకరు వెళ్లి, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే చిట్టా రాస్తామని అనుమతి అడగండి. అట్టలు ఊడిన వాటిని టేపు, జిగురుతో బాగుచేసే పని కూడా ఆ గంటలోనే పెట్టుకోవచ్చు.

చివరి రోజుల వరకు బెంగళూరులోనే ఉన్న గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో మద్రాసు నుంచి ప్రకటించిన గ్రంథాలయ సూత్రాలలో మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడుక కోసమేనన్నది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు కూడా ప్రతి బడిలో కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలని అంటున్నది. కాబట్టి మీరు అడుగుతున్నది ప్రత్యేకమైన ఉపకారమేమీ కాదు. చిరిగిన పుస్తకాన్ని నేను మంచి గుర్తుగానే చూస్తాను, నలుగురు చదివితేనే కదా అది చిరిగేది.

ప్రశ్న: పుస్తకాలు ఇస్తే ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంటుందా?
- ఆర్.డి., ఇందిరానగర

జవాబు: ఉండదు. ఈ మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళాలకే, అదీ పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే వర్తిస్తుంది. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే దానికీ వర్తించదు.

ప్రశ్న: అనంతపురం జిల్లాలోని మా ఊరి బడికి బెంగళూరు నుంచి పుస్తకాలు పంపాలని ఉంది. కొరియరు ఖర్చు పుస్తకాల ధరను మించుతున్నది. వేరే దారి ఉందా?
- జి.ఎన్., యలహంక

జవాబు: తపాలా శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్టు అనే సేవ ప్రారంభించింది. అప్పటి ధరల ప్రకారం 300 గ్రాముల కట్టకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్నులు అదనం. కట్ట ఎక్కడిదాకా వెళ్లిందో చూసుకోవచ్చు. అచ్చయిన పుస్తకాలకే ఇది వర్తిస్తుంది, వార, మాస పత్రికలకు చెల్లదు. పుస్తకం మీద ప్రచురణకర్త లేదా ముద్రాపకుల పేరు ఉండాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాలు చాలావరకు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషుగా ఉంటున్నాయి కాబట్టి కథల పుస్తకాలలో కూడా ద్విభాషా పుస్తకాలు మీ ఊరి పిల్లలకు బాగా అక్కరకు వస్తాయి. పంపే ముందు ప్రధానోపాధ్యాయులకు ఫోను చేసి, సెలవులు లేని వారం చూసుకుని, కట్ట లోపల పుస్తకాల జాబితా ఒకటి పెట్టండి.