పాత సామాన్లు కొనబోతున్న బుజ్జమ్మకు

కడప నుండి

చిరంజీవి బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, నీకు కర్నూలులో ఉద్యోగం వచ్చిందనీ, సి.క్యాంపులో రెండు గదుల పోర్షను అద్దెకు తీసుకున్నావనీ, వచ్చే ఆదివారం పొద్దంతా ఊరు తిరిగి ఇంటికి కావలసినవన్నీ పాత సామాన్ల అంగళ్లలోనే కొంటానని పట్టుబట్టావనీ చెప్పింది. కూతురికి ఒక కొత్త బీరువా కొనివ్వలేనివాడినా అని మీ నాన్న రెండు రోజులుగా ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదట. నీ జీతంతో నీ ఇల్లు అమర్చుకుంటానన్న మాట విని నాకు గర్వం కలిగింది, దాని వెనుకే భయమూ కలిగింది. ఆ భయం ఫోనులో చెప్పేది కాదు. సగం చెప్పకముందే నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావని నాకు తెలుసు కనుక ఉత్తరం వ్రాస్తున్నాను. ఇదైనా చివరిదాకా చదువు.

మీ నాన్న నొచ్చుకున్నాడని నువ్వు నొచ్చుకోకు. మన ఇంట్లో అందరికీ అన్నం పెట్టినది పాత సామానే అని అతనికి ఒకసారి గుర్తుచెయ్యి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు కొన్ని కార్యాలయాలు గుడారాలలోనే నడిచాయి. నువ్వు అద్దెకు దిగిన సి.క్యాంపు పేరులోని క్యాంపు అన్న మాట ఆ కాలానిదే. మూడేళ్లు తిరిగి 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు మారేసరికి, మూటాముల్లె సర్దుకుంటున్న ఒక ఉద్యోగి కుటుంబం మోసుకుపోలేక అమ్మేసిన సింగరు కుట్టుమిషనును మీ తాత కొని, కొత్తగా కాపురానికి వచ్చిన మీ అవ్వకు ఇచ్చాడు. ఎంతకు కొన్నాడో మీ అవ్వ ఒక్కోసారి ఒక్కో ధర చెప్పేది. మీ నాన్నతో సహా నలుగురు పిల్లల ఫీజులు ఆ మిషను మీద కుట్టిన రవికెలు, లంగాల మీదనే కట్టారు. పాతది కొనడం నామోషీ అయితే మన కుటుంబమంతా నామోషీ మీదే పెరిగినట్లు లెక్క.

ఇక చెప్పవలసినవి చెబుతాను. పొద్దున్నే ఉగ్గాణి, బజ్జీ తిని బయలుదేరు, ఆకలితో బేరం చేయకూడదు. చేతిసంచిలో కొలిచే టేపు, టార్చిలైటు, ఒక అయస్కాంతం ముక్క పెట్టుకో. ఇత్తడి అని చెప్పి ఇనుము మీద పూత వేసినది అంటగడితే అయస్కాంతం అతుక్కుని చెబుతుంది. పరుపు, దిండ్లు మాత్రం పాతవి కొనవద్దు, నల్లులు ఒకసారి ఇంట్లో అడుగుపెడితే వాటిని వెళ్లగొట్టడం మన వల్ల కాదు. గ్యాసు పొయ్యి పాతది ఫరవాలేదు కానీ ట్యూబు, రెగ్యులేటరు కొత్తవే ఉండాలి. కుక్కరు కూడా కొత్తదే కొను, ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొను. మంచం కొంటే పక్కకు తిప్పి కాళ్లు అతికిన చోట గోటితో గీకు. సన్నటి పొడి రాలితే పుచ్చు పట్టినట్లే. దేనికైనా చీటీ వ్రాయించుకుని అంగడి పేరు, ఫోను నంబరు వేయించుకో, దొంగసొత్తు చేతికి వస్తే పోలీసుల ముందు ఆ చీటీయే నిన్ను కాపాడుతుంది.

బీరువా దగ్గర మాత్రం తొందరపడవద్దు. కొత్తగా రంగు వేసిన బీరువా కంటే రంగు పోయిన బీరువాయే మేలని నా నమ్మకం. రంగు కింద ఏమి దాచారో మనకు తెలియదు కదా. తలుపులు తెరిచి, కింది అర తీయించి, టార్చి వేసి అడుగు రేకు చూడు. మూలల్లో వేలు పెట్టి రుద్దితే ఎర్రటి పొడి అంటుతుందా, వెనుక రేకు మీద అడ్డంగా ఒక మసక గీత ఉందా అని చూడు. ఆ గీత కిందిభాగం ఒక రంగు, పైభాగం ఒక రంగు ఉంటే అది నీళ్లలో నిలబడిన బీరువా. చెక్క సామాను అయితే ప్లైవుడ్ అంచులు ఉబ్బి పొరలు విడిపోయి ఉంటాయి. ఇన్నేళ్లయినా నీటి గీతలేమిటి పెద్దమ్మా అంటావేమో. కడపకు వచ్చి ఇంతకాలమయినా నేను ఎవరింటికి వెళ్లినా ముందు గోడ కిందిభాగం చూస్తాను. ఆ అలవాటు ఇక పోదు.

కర్నూలు వరదకు నీకు అయిదేళ్లు. మీరు అప్పుడు ఆదోనిలో ఉన్నారు, కనుక నీకు తెలిసినదంతా విన్నదే. 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి, బడికి సెలవు. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి పాతబస్తీ మీద పడ్డాయి. వాకిట్లో పాదాలు తడిసే నీళ్లని చూస్తూ ఉండగానే అవి మోకాళ్లకు వచ్చాయి. మీ పెదనాన్న సర్టిఫికెట్ల సంచి, నేను నగల డబ్బా పట్టుకుని మా అత్తను, అంటే మీ అవ్వను, నడిపించుకుంటూ పక్కింటివారి మేడ మీదకు ఎక్కాము. పైకి వెళ్లాక చూస్తే ఆమె కొంగులో ఏదో బరువుగా వేలాడుతున్నది. విప్పితే కత్తెర. మాత్రలు మరిచిపోయింది, కళ్లద్దాలు మరిచిపోయింది, మిషను సొరుగులోని మీరట్ కత్తెర మాత్రం తెచ్చుకుంది. నాకు ఆ రోజే అర్థం కావలసింది, కాలేదు.

నీళ్లు తీసిన తరువాత అత్తను నంద్యాలలో మీ మేనత్త ఇంటికి పంపించి, మేమిద్దరం ఇల్లు కడగడానికి దిగాము. మోకాలి లోతు ఒండ్రు. బియ్యం మూటలు ఉబ్బి పగిలి పులిసిన వాసన. నా ముప్పై ఏళ్ల పుస్తకాలు ఒకే ముద్దగా అతుక్కుని, బీరువాలోంచి ఇటుకల్లాగా ఊడి వచ్చాయి. ఆ వీధిలో ప్రతి వాకిలి ముందూ ఒక గుట్ట. నాలుగో రోజుకు నాకు ఏ వస్తువు చూసినా అసహ్యం వేసే స్థితి వచ్చింది. సరిగ్గా అప్పుడే పాత ఇనుము కొనేవాడొకడు తోపుడు బండితో వచ్చాడు. మిషను కిటికీ కిందనే ఉంది, చక్రం తిప్పితే తిరగలేదు, సూది దగ్గర బురద గడ్డకట్టింది. "తుప్పు పట్టినాదమ్మా, ఇంక పనికి రాదు" అన్నాడు. నేను పక్కన నిలబడి ఆలోచించనైనా లేదు, తీసుకుపొమ్మన్నాను. బల్లచెక్కను పెరికి మా గుట్ట మీదనే పడేశాడు, మిషను తలకాయకు తాడు కట్టి కాటాకు వేలాడదీశాడు. అది నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. దాని మెడ మీద బంగారు రంగు పూల తీగ ఉండేది, అందులో మీ అవ్వ మణికట్టు రాసుకుని రాసుకుని మధ్యలో రెండు పూలు చెరిగిపోయాయి. ఆ చెరిగిన చోటు నా వైపు తిరిగినప్పుడు కూడా నేను ఆగమనలేదు. స్టాండుతో సహా అన్నిటికీ కలిపి రెండువందల యాభై రూపాయలు ఇచ్చాడు.

దీపావళికి ముందురోజు అత్త తిరిగి వచ్చింది. చెప్పులు విడిచి నేరుగా కిటికీ దగ్గరకు వెళ్లింది. "మిషను బాగుకు ఇచ్చినారా?" అని అడిగింది. నేను "అవునత్తా" అన్నాను.

అమ్మడం ఒక తప్పు, ఈ మాట అంతకంటే పెద్ద తప్పు. మొదటిదానికి అలసట అని ఒక సాకు ఉంది, రెండవదానికి అదీ లేదు. ఆమె వారానికి ఒకసారి అడిగేది, నేను మెకానికు ఊళ్లో లేడని ఒకసారి, సామాను దొరకలేదని మరొకసారి చెప్పేదాన్ని. బడి నుండి తిరిగి వస్తూ దాని కోసం నేను తిరగని గుజిరి అంగడి లేదు, ఎత్తి చూడని టార్పాలిను లేదు. నీకు ఇంత వివరంగా వ్రాయగలుగుతున్నానంటే ఆ తిరుగుడు పుణ్యమే. ఒక అంగడిలో కుట్టుమిషన్లు బాగుచేసే ముసలాయన నా గోడు విని, పోత ఇనుము అంత తేలికగా చావదనీ, కిరసనాయిలు పోసి రెండు రోజులు నానబెట్టి, విప్పి తుడిచి, మిషను నూనె పెడితే మళ్లీ తిరిగేదనీ, ఆ వరద మిషన్లు తాను పదిదాకా బతికించాననీ చెప్పాడు. ఆయన ఓదార్చడానికే చెప్పాడు కానీ, ఆ రోజు నేను ఇంటికి నడిచి వెళ్లిన దారి నాకు గుర్తులేదు. సంక్రాంతి తరువాత అత్త అడగడం మానేసింది. ఒక్క మాట అనలేదు, తెలుసునని కూడా అనలేదు. మధ్యాహ్నాలు మంచం అంచున కూర్చున్నప్పుడు ఆమె కుడి పాదం నేల మీద మడమా మునివేళ్లూ మార్చి మార్చి తొక్కుతూ ఉండేది, నేను గదిలోకి వస్తే ఆగిపోయేది. అలా నాలుగేళ్లు ఉండి వెళ్లిపోయింది.

కాబట్టి, అమ్మాయీ, ఆదివారం నువ్వు కుట్టుమిషను కూడా చూస్తావని మీ అమ్మ చెప్పినప్పటి నుండి నాకు నిద్ర లేదు. చక్రాన్ని చేత్తో మెల్లగా పూర్తిగా తిప్పి చూడు, ఎక్కడా పట్టకూడదు. మిషనును వెనక్కు వంచి కింద షటిలు దగ్గర తుప్పు ఉందేమో చూడు. నీ సంచిలోంచి ఒక గుడ్డముక్క తీసి నువ్వే కుట్టు, అంగడివాడి గుడ్డ మీద ఎప్పుడూ బాగానే పడుతుంది. పైకుట్టు, అడుగుకుట్టు ఒకేలా ఉండాలి. తోలు బెల్టు తెగిపోయి ఉంటే దిగులు పడకు, అది చవక, దాన్ని చూపించి ధర కూడా తగ్గించవచ్చు.

బేరం గురించి ఒక మాట. అంగడివాడితో ఎంత బేరమైనా ఆడు, అతనికి అది వృత్తి. కానీ ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్లు నేరుగా అమ్ముతుంటే, ముఖ్యంగా అమ్మే ఆడమనిషి వస్తువు వైపు చూడకుండా గోడ వైపు చూస్తుంటే, గీచి బేరం చేయకు. వీలుంటే "ఇది ఎవరిదమ్మా, ఇంట్లో అందరినీ అడిగినారా" అని అడుగు. ఆ రోజు ఆ బండివాడు నన్ను ఆ ఒక్క మాట అడిగి ఉంటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను. అడగవలసిన బాధ్యత అతనిది కాదని తెలిసీ అనుకుంటాను.

మధ్యాహ్నానికి ఎండ ముదిరేలోగా పెద్ద సామాను ముగించుకుని, ట్రాలీ ఆటోకు ముందే కిరాయి మాట్లాడుకో. సాయంత్రం చిన్న పనులు చూసుకో. మీ అమ్మ అటక మీది ఇత్తడి గిన్నెలు రెండు ఇస్తానన్నదట. కళాయి వేయించకుండా వాటిలో చారు కాచవద్దు, చింతపండు పులుసుకు చిలుము దిగుతుంది. కంచు అని అమ్మజూపితే వేలితో కొట్టి విను, మంచి కంచు గంటలా చాలాసేపు మోగుతుంది. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు రైతు బజారులో కూరగాయలు తీసుకో, కొత్తింట్లో మొదటి రోజే బయటి కూడు తినవద్దు. ఏ వస్తువునైనా ఒక రోజు ఎండలో పెట్టాకనే గదిలోకి చేర్చు.

ఇంకొకటి అడుగుతాను, నవ్వకు. ఏ అంగడిలోనైనా మూలన పాత సింగరు తలకాయ కనిపిస్తే దాని మెడ మీది పూలు చూడు. మధ్యలో రెండు పూలు చెరిగి ఉన్నాయేమో చూడు. చాలా మిషన్లకు అలాగే చెరుగుతాయి, అది నాకు తెలుసు. కొనమని చెప్పడం లేదు, ఊరికే చూడు.

మీ అవ్వ కత్తెర నా దగ్గరే ఉంది. నిన్ననే సాన పట్టించాను, ఇప్పటికీ నాలుగు పొరల గుడ్డను ఒక్క పట్టున కత్తిరిస్తుంది. పాత పట్టుగుడ్డలో చుట్టి ఈ ఉత్తరం వెనుకే కొరియరులో పంపుతున్నాను. కత్తెర, సూది చేతికి చేయి మార్చుకోకూడదని మీ అవ్వకు పట్టింపు. వచ్చిన అబ్బాయి చేతికివ్వబోతే గడప పక్కన పెట్టమని చెప్పి, అతను వెళ్లాక నువ్వు తీసుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ