టెక్ సందేహాలు: చివరి అక్షరాన్ని మింగేస్తున్న నాయిస్ రిమూవల్

ఒడిశాలోని మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు గొంతుతో పని చేసేవాళ్లు బాగా పెరిగారు. కోచింగ్ పాఠాలు, బట్టల షాపుల ప్రకటనలు, అమ్మవారి యాత్రల వీడియోలు. ఒకే మనిషి తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చదివి పంపుతున్నారు. అందుకే వాయిస్ ఓవర్ మీద ఒకే రకం ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. రికార్డింగ్ ఎలా మొదలుపెట్టాలో ఇక్కడ చెప్పను, అది మీకు తెలుసు. ఆ తర్వాత జరుగుతున్న తప్పుల గురించే ఈసారి.

ప్రశ్న: బరంపురంలో పోటీ పరీక్షల పాఠాలు చెబుతాను. ఫ్యాన్ లేకుండా గదిలో కూర్చోలేం. యాప్‌లో నాయిస్ రిమూవల్ పూర్తిగా పెడితే ఫ్యాన్ శబ్దం పోయింది కానీ గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంది. వాక్యం చివర ఏమన్నారో వినపడలేదని పిల్లలు అంటున్నారు.

జవాబు: పిల్లలు చెప్పిందే నిజం. నాయిస్ రిమూవల్ మీ ఖాళీ గదిలోని శబ్దాన్ని నమూనాగా తీసుకుంటుంది. ఏ ఫ్రీక్వెన్సీలో ఆ శబ్దం ఎంత ఉందో చూసి, మీ రికార్డింగ్‌లో అంతకన్నా బలహీనంగా ఉన్నదాన్నల్లా తగ్గిస్తుంది. పూర్తి బలంతో పెడితే ఫ్యాన్‌తో పాటు మీ గొంతులోని సన్నని భాగాలు కూడా పోతాయి. అక్కడక్కడ మిగిలిన ముక్కలు వెలిగి ఆరుతూ ఉంటాయి. నీళ్లలోంచి మాట్లాడినట్టు అనిపించేది దానివల్లే.

మన గొంతు ఎక్కడ సన్నబడుతుందో ఆలోచించండి. వాక్యం చివర. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, వాక్యం చివరికి వచ్చేసరికి స్వరం దిగుతుంది. చేశాడు, చేశారు, చేశాను, చేశాం: ఎవరు చేశారన్నది ఆ చివరి అక్షరంలోనే ఉంది. వచ్చారు అన్నామా, వచ్చారా అని అడిగామా అన్నదీ అక్కడే. ఆ అక్షరం పోతే పాఠం పోయినట్టే. మీ ఒడియా పాఠాలకూ ఇదే ప్రమాదం. హిందీలో 'ఘర్' అని ఆపేస్తారు, ఒడియాలో 'ఘర' అని చివరి అచ్చును పూర్తిగా పలుకుతారు. హిందీ, ఇంగ్లిష్ వీడియోల్లో చూపించిన సెట్టింగుల్ని యథాతథంగా పెట్టేసుకునేవాళ్లందరికీ నా విన్నపం ఒక్కటే. మీ భాషలో రికార్డు చేసి, వాక్యాల చివర్లు విని, అప్పుడు నిర్ణయించుకోండి.

ఇప్పుడు పని సంగతి. ముందు మైకును నోటికి జానెడు దూరంలోకి తెండి. దూరం సగమైతే మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాన్ మాత్రం ఉన్నంతే ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేర్ కూడా ఇంత శుభ్రంగా ఈ తేడా తీసుకురాలేదు. మైకు ముందువైపు నుంచే ఎక్కువగా వినే రకమైతే దాని వీపు ఫ్యాన్ వైపు ఉండేలా పెట్టండి. దగ్గరికి వచ్చినందుకు బేస్ పెరుగుతుంది, భ, ఫ, ప అన్నప్పుడు గాలి కొడుతుంది. మైకును నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు పెడితే చాలావరకు తగ్గుతుంది.

తర్వాత ఎడిటింగ్. ముందు 80 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని హై పాస్ ఫిల్టర్‌తో తీసేయండి. ఆపైన నాయిస్ రిడక్షన్, అది కూడా 6 నుంచి 9 డెసిబెల్స్ మాత్రమే. ఫ్యాన్ పూర్తిగా మాయం కానక్కర్లేదు. వెనక సన్నగా ఉన్న ఫ్యాన్‌ని చెవి కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది, తెగిపోయిన మాటను మాత్రం ప్రతిసారీ పట్టుకుంటుంది. గొంతు గుమ్ముగా ఉంటే 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. కంప్రెసర్ వీటన్నిటి తర్వాతే. చాలామంది దాన్ని ముందు పెడుతున్నారు. కంప్రెసర్ గట్టి మాటల్ని తగ్గించి మొత్తాన్ని పైకి లేపుతుంది, మీరు 6 డెసిబెల్స్ లేపితే ఫ్యాన్ కూడా 6 డెసిబెల్స్ లేస్తుంది. రేషియో 3:1 పెట్టి, గట్టిగా పలికిన చోట 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గేలా చూసుకోండి. స, శ, ష చెవిలో గుచ్చుకుంటే ఆ తర్వాత 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య డీ ఎస్సర్ పెట్టండి, తక్కువగానే. ఎక్కువైతే 'సభ' అన్నా 'శభ' అన్నా ఒకేలా వినపడుతుంది.

నాయిస్ గేట్ జోలికి మాత్రం పోకండి. అది తలుపు మూసినట్టు శబ్దాన్ని టక్కున ఆపేస్తుంది, చివరి అక్షరం ఆ సందులో ఇరుక్కుపోతుంది. తప్పదనుకుంటే, శబ్దాన్ని టక్కున కాకుండా మెల్లగా తగ్గించే ఎక్స్‌పాండర్ వాడి, 6 నుంచి 10 డెసిబెల్స్ వరకే తగ్గించి, రిలీజ్ (తగ్గడానికి పట్టే సమయం) 200 మిల్లీసెకన్లకు పైన పెట్టండి.

ప్రశ్న: పర్లాకిమిడిలో షాపులకు ఆటో ప్రచారాలు చేసి ఇస్తాను. ఇయర్‌ఫోన్‌లో వింటే సినిమా ట్రైలర్‌లా ఉంటుంది. ఆటో మైకులో వేస్తే ఒక్క ముక్క అర్థం కాదు.

జవాబు: మీరు ఇయర్‌ఫోన్ కోసం మిక్స్ చేసి హార్న్ లౌడ్‌స్పీకర్లో వినిపిస్తున్నారు. ఆటో మీది హార్న్ 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. మీరు కష్టపడి పెంచిన గంభీరమైన బేస్ అంతా ఆంప్లిఫయర్ శక్తిని తినేసి, బయటికి మాత్రం రాదు. ఆటో ప్రచారానికి హై పాస్ ఫిల్టర్‌ను 250 హెర్ట్జ్ దాకా తీసుకెళ్లండి. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య మూడు డెసిబెల్స్ పెంచండి, మాటలోని హల్లులు స్పష్టపడేది అక్కడే. కంప్రెషన్ కూడా పాఠాలకన్నా గట్టిగా పెట్టుకోవచ్చు.

రివెర్బ్, ఎకో పూర్తిగా తీసేయండి. వీధిలో గోడలు ఎలాగూ ఎకో ఇస్తాయి, దాని మీద మీ ఎకో కూడా కలిస్తే మాట మీద మాట పడుతుంది. ఫోన్ యాప్‌లలో గొంతును 'వైడ్' చేసే ఎఫెక్ట్ ఉంటుంది, అసలు దోషి అదే అయ్యుండవచ్చు. అది ఎడమ, కుడి ఛానెళ్ల మధ్య తేడా సృష్టించి గొంతు వెడల్పుగా ఉన్నట్టు చూపిస్తుంది. ఆటోలోని ఆంప్లిఫయర్ రెండు ఛానెళ్లనూ కలిపి మోనో చేస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని గొంతు పలచబడిపోతుంది. ఫైలును మోనోలోనే ఇవ్వండి. వెనక డప్పులు, పాట ఉంటే మాట కన్నా కనీసం 15 డెసిబెల్స్ కిందకి దించండి. షాపు యజమాని పాట పెంచమంటాడు. ధర చెప్పిన చోట మాత్రం ఒప్పుకోకండి.

ఇంకో మాట. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఫైలు ఇచ్చేటప్పుడే ఆ సంగతి షాపువాళ్లకు చెప్పండి.

ప్రశ్న: గుణుపురం నుంచి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో రికార్డు చేస్తే పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లో మాట్లాడినట్టు వస్తోంది. ఏ ఎఫెక్ట్ పెట్టాలి?

జవాబు: ఏ ఎఫెక్టూ పనికిరాదు. బ్లూటూత్ మైకు ఆన్ కాగానే చాలా ఇయర్‌బడ్స్ కాల్ పద్ధతిలోకి మారి సెకనుకు 8 వేలు, మహా అయితే 16 వేల శాంపిళ్లు మాత్రమే పంపుతాయి. అంటే అందులో సగమైన 4 లేదా 8 కిలోహెర్ట్జ్ పైన ఏమీ రికార్డు కాదు. లేనిదాన్ని ఈక్వలైజర్‌తో పెంచలేం. వైరు ఉన్న కాలర్ మైకు కొనుక్కోండి, అది అందేదాకా ఫోన్ సొంత మైకే మేలు.

ఫోన్ల సంగతి వచ్చింది కాబట్టి నా కోపం కూడా చెప్పేస్తాను. మంచి మైకు పెట్టుకునే రంధ్రాన్ని చాలా ఫోన్లలోంచి తీసేశారు. దాని బదులు ఇచ్చింది కాల్స్ కోసం తయారైన ఇయర్‌బడ్స్. ఆపైన ప్రతి అప్‌డేట్‌లోనూ 'గొంతు మెరుగుదల' అని ఒకటి వచ్చి చేరుతుంది, మనల్ని అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. మాట ఆపి ఊపిరి తీసుకునే లోపే అది గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) పెంచేస్తుంది, ఫ్యాన్ హోరుమని పైకి లేస్తుంది, మళ్లీ మాట మొదలుపెడితే దిగుతుంది. ఇలా పాడైన రికార్డింగ్‌ను బాగుచేయడం దాదాపు అసాధ్యం. శుద్ధి చేయని మైకు శబ్దాన్ని యాప్‌కు నేరుగా ఇచ్చే వీలు 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచే ఉంది. కానీ అది ఫోన్ కంపెనీ ఇష్టం. ఇచ్చినవాళ్లు కూడా ఎక్కడో మెనూ అడుగున దాస్తారు. గొంతుతో బతికేవాళ్లు లక్షల్లో ఉన్న దేశంలో ఒక్క ఆఫ్ బటన్ ఇవ్వడానికి ఇంత కష్టమెందుకో నాకు అర్థం కాదు. మీ రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో 'రా' లేదా 'అన్‌ప్రాసెస్డ్' అని ఉందేమో వెతకండి. అప్‌డేట్ అయిన ప్రతిసారీ పాత పాఠం ఒకటి, కొత్త పాఠం ఒకటి పక్కపక్కన పెట్టి వినండి.

రాయగడ నుంచి వచ్చిన ప్రశ్నకు చిన్న జవాబు. మీ యూట్యూబ్ వీడియో పక్కవాళ్ల కన్నా తక్కువ శబ్దంతో వినిపిస్తోందని వాల్యూమ్ చివరికంటా పెంచారు, గొంతు పగిలింది. లఫ్స్ అంటే మొత్తం మీద చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత. యూట్యూబ్ సుమారు మైనస్ 14 లఫ్స్‌కి మించిన శబ్దాన్ని తనే తగ్గిస్తుంది, తక్కువగా ఉన్నదాన్ని మాత్రం సాధారణంగా పెంచదు. అందుకని గీత పైకి పోతోందా అని చూడటం మానేసి లఫ్స్ మీటర్ చూడండి. మైనస్ 16 నుంచి 14 మధ్య ఉంచి, శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్‌ను మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపండి. ఆ ఒక్క డెసిబెల్ ఖాళీ ఎందుకంటే, ఫైలును కుదించేటప్పుడు శబ్దం అక్కడక్కడ కాస్త పైకి లేస్తుంది.

ప్రశ్న: జయపురం నుంచి రాస్తున్నాను, పేరు వద్దు. ఖరీదైన వాయిస్ ప్లగిన్ ఫ్రీగా దొరికితే వేసుకున్నాను. యాంటీవైరస్ ఆపమని ఉంటే ఆపాను. రెండు రోజులకి నా ఛానెల్‌లో ఎవరివో క్రిప్టో వీడియోలు వచ్చాయి. టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంది కదా, ఎలా పోయింది? ఇప్పుడు ఆ ప్లగిన్ బదులు ఫ్రీ ఏఐ వాయిస్ ఎన్‌హాన్సర్ సైటు వాడొచ్చా?

జవాబు: అమ్మా, ముందు మీ ఛానెల్ సంగతి. మీ పాస్‌వర్డ్ ఎవరూ ఊహించలేదు. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక, మళ్లీ మళ్లీ అడగకుండా ఉండేందుకు బ్రౌజర్ ఒక కుకీ దాచుకుంటుంది. మీరు వేసుకున్న క్రాక్, అంటే తాళం పగలగొట్టి ఫ్రీగా పెట్టిన ఆ ప్లగిన్, ఆ కుకీనే ఎత్తుకుపోయింది. దాన్ని తన బ్రౌజర్లో పెట్టుకున్నవాడు అప్పటికే లాగిన్ అయి ఉన్న మనిషిలా కనిపిస్తాడు, కాబట్టి ఓటీపీ అడిగే అవసరమే రాదు. యూట్యూబర్ల మీద ఈ రకం దాడుల గురించి గూగుల్ 2021లోనే వివరంగా హెచ్చరించింది. యాంటీవైరస్ ఆపమని అడిగిన ఫైలును తెరవడమంటే దొంగకు తాళంచెవి ఇవ్వడమే. తెలిసి ఇలా చేసేవాళ్ల ఉత్తరాలు ఇంకా వస్తున్నాయంటే నాకు బాధగా ఉంది.

వెంటనే వేరే ఫోన్ నుంచి, ఆ ల్యాప్‌టాప్ నుంచి మాత్రం కాదు, గూగుల్ ఖాతాలోకి వెళ్లి అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి. పాస్‌వర్డ్ మార్చండి. రికవరీ మెయిల్, ఫోన్ నంబరు మీవేనా చూడండి. ఖాతాకు అనుమతి ఉన్న బయటి యాప్‌లలో తెలియనివి తీసేయండి. యూట్యూబ్‌కు హ్యాక్ అయినట్టు రిపోర్ట్ చేయండి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. ల్యాప్‌టాప్‌లో విండోస్ మళ్లీ మొదటి నుంచి వేయించేదాకా దానిలో బ్యాంకు పని చేయకండి.

ఇక రెండో ప్రశ్న. నన్ను అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఇదే. పేరూ ఊరూ తెలియని ఫ్రీ ఎన్‌హాన్సర్ సైటులోకి మీరు ఎక్కిస్తున్నది ప్రకటన ఒక్కటే కాదు, మీ గొంతు కూడా. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మూడు సెకన్ల నమూనాతో ఒక మనిషి గొంతును అనుకరించే పద్ధతిని ప్రకటించారు. 2024 జనవరిలో అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్‌లో అప్పటి అధ్యక్షుడు బైడెన్ గొంతును నకలు చేసి ఓటు వేయొద్దంటూ జనానికి ఫోన్లు చేశారు. అధ్యక్షుడి గొంతుకే అలా జరిగినప్పుడు మీరు పంపే నాలుగు నిమిషాల ఫైలు సంగతి చెప్పాలా? పైగా మీది ఫ్యాన్ లేని, పాట లేని, ఒక్కో మాట విడివిడిగా పలికిన గొంతు. నకలు చేయడానికి అంతకన్నా మంచి సరుకు దొరకదు. కొన్ని సైట్ల నిబంధనల్లో మీరు ఎక్కించినదాన్ని తమ ఏఐ శిక్షణకు వాడుకునే హక్కు రాసి ఉంటుంది. ఎవరూ చదవరు.

గంజాం నుంచి సూరత్‌కు పనికి వెళ్లిన మనుషులు ఎన్ని ఇళ్లలో ఉన్నారో మనకు తెలుసు. "ఆసుపత్రిలో ఉన్నాను, డబ్బు వేయండి" అని కొడుకు గొంతుతో ఫోన్ వస్తే ఏ తల్లి ఆగుతుంది? ఇంట్లో అందరూ ఇప్పుడే ఒక ప్రశ్న అనుకోండి, ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ జవాబు తెలియనిది. డబ్బు మాట వస్తే ముందు అది అడగాలి. ఫోన్ పెట్టేసి మనకు తెలిసిన నంబరుకు మనమే తిరిగి చేయాలి.

శుభ్రం చేసే పనికి ఇంటర్నెట్ అవసరమే లేదు. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ 2000 నుంచి ఉచితమే, నేను పైన చెప్పిన పనుల్లో చాలావరకు అందులోనే అయిపోతాయి. ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లో ఆర్ఎన్ నాయిస్ అనే ఫిల్టర్ ఉంది, అది మీ కంప్యూటర్లోనే పని చేస్తుంది, ఫైలు బయటికి పోదు. రెండూ వాటి సొంత సైట్ల నుంచే దించుకోండి. ప్రకటనలు చేయించుకునేవాళ్లకు డబ్బు ముట్టేదాకా పాట కలిపిన ఫైలే ఇవ్వండి. పాటలోంచి గొంతును విడదీయడం అసాధ్యం కాదు కానీ ముడి ఫైలు చేతిలో పెట్టడం కన్నా నయం. "ఈ గొంతు ఈ ప్రకటనకే, ఏఐ శిక్షణకు వాడకూడదు" అని వాట్సాప్‌లో ఒక వాక్యం రాసి, వాళ్ల చేత సరే అనిపించుకోండి.

చివరిగా గోపాలపూర్ నుంచి. వానాకాలంలో కండెన్సర్ మైకు (సన్నని శబ్దాన్నీ పట్టే సున్నితమైన రకం) చిటపటలాడుతోందని, ఎండలో పెట్టాలా అని అడిగారు. పెట్టొద్దు, హెయిర్ డ్రయర్ కూడా వద్దు. సముద్రపు తేమ లోపలి పలుచని పొర మీద చేరి ఆ శబ్దం చేస్తోంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో రెండు మూడు రోజులు ఉంచి చూడండి. వాడనప్పుడు కూడా అందులోనే పెట్టండి, రంగు మారే రకం పూసలైతే, రంగు మారగానే పొట్లాలు మార్చండి. అయినా తగ్గకపోతే వానాకాలం నాలుగు నెలలకూ తేమను బాగా తట్టుకునే డైనమిక్ మైకు వాడటం మంచిది, గెయిన్ ఎక్కువ పెట్టి, నోటికి నాలుగు వేళ్ల దూరంలో.